పాదం నుంచి అంచు దాకా: బర్టన్ స్నోబోర్డులోని విజ్ఞానం

మంచు కప్పిన కొండవాలు మీద రెండు పాదాలనూ ఒకే పలకకు బిగించుకుని, శరీరాన్ని వాలుకు అడ్డంగా నిలిపి, చేతిలో ఏ ఊతమూ లేకుండా జారే క్రీడను స్నోబోర్డింగ్ అంటారు. స్కీయింగ్‌లో ఒక్కొక్క పాదానికి ఒక్కొక్క సన్నని పలక ఉంటుంది, చేతుల్లో కర్రలుంటాయి, ముఖం దిగువకు తిరిగి ఉంటుంది, ఒక పలక పట్టు తప్పినా రెండోది ఆదుకుంటుంది. స్నోబోర్డు మీద ఆ వెసులుబాట్లేవీ లేవు. వేగం తగ్గించాలన్నా, మలుపు తిరగాలన్నా, ఆగాలన్నా, పాదాలను మునివేళ్ల వైపో మడమల వైపో మొగ్గించి, ఆ మొగ్గును పలక అంచుకు అందించి, అంచును మంచులోకి దించడమొక్కటే దారి. పాదానికీ ఆ అంచుకూ మధ్య దూరం జానెడు కూడా ఉండదు. అయితే ఆ జానెడు దూరంలోనే బూటు అట్ట, పాదాన్ని పట్టి ఉంచే బైండింగు అనే కట్టు, గాజునారు, కర్ర, రబ్బరు, ఉక్కు ఒకదాని తరువాత ఒకటి అడ్డు నిలుస్తాయి, వాటిలో ఏది వదులైనా, ఏది అవసరానికి మించి బిగుసుకున్నా, పాదం చెప్పిన మాట అంచుకు చేరేసరికి మారిపోతుంది. అమెరికాలోని వెర్మాంట్ రాష్ట్రంలో 1977లో పుట్టి, ఈనాడు ఈ రంగంలో అగ్రశ్రేణిలో ఉన్న బర్టన్ సంస్థ పరికరాల చరిత్రను అర్థం చేసుకోవడానికి అన్నిటికంటే పనికొచ్చే సూత్రం ఇదే: ఆ సంస్థ చేసిన ముఖ్యమైన మార్పులు చాలా వరకు ఈ జానెడు దూరంలో జరిగే నష్టాన్ని తగ్గించడానికి చేసినవే.

స్నోబోర్డును బర్టన్ సంస్థే కనిపెట్టిందన్న మాట తరచు వినిపిస్తుంది గాని, అది నిజం కాదు. మిషిగన్ రాష్ట్రంలోని మస్కీగన్ పట్టణంలో షెర్మన్ పాపెన్ అనే ఇంజనీరు 1965 క్రిస్మస్ రోజున తన కుమార్తెల ఆట కోసం రెండు స్కీలను పక్కపక్కన బిగించి ఒకే పలకగా చేశాడు. మంచు మీద అలల ఆట అన్న భావంతో దానికి స్నర్ఫర్ అని పేరు పడింది, బ్రన్స్‌విక్ అనే ఆటవస్తువుల సంస్థ దాన్ని పెద్ద ఎత్తున తయారుచేసి అమ్మింది. 1970లలో దిమిత్రియె మిలోవిచ్ వింటర్‌స్టిక్ పేరుతో లోతైన మెత్తటి మంచుకు తగిన పలకలు చేశాడు, స్కేట్‌బోర్డుల లోకం నుంచి వచ్చిన టామ్ సిమ్స్ మరో దారిలో ప్రయోగాలు సాగించాడు. స్నర్ఫర్ మీద పెరిగిన కుర్రవాళ్లలో ఒకడైన జేక్ బర్టన్ కార్పెంటర్, న్యూయార్క్ విశ్వవిద్యాలయంలో అర్థశాస్త్రం చదివి, కొంతకాలం నగరంలో ఉద్యోగం చేసి, దాన్ని వదులుకుని వెర్మాంట్‌లోని లండన్‌డెరీ గ్రామానికి వెళ్లి, నమూనా తరువాత నమూనాగా పలకలు చెక్కడం మొదలుపెట్టాడు. అతని ప్రత్యేకత మొదటివాడు కావడంలో లేదు; స్నర్ఫర్‌లో ఉన్న అసలు లోపాన్ని సరిగ్గా గుర్తించి, ఆ లోపం వెంటే నాలుగు దశాబ్దాల పాటు నడవడంలో ఉంది.

ఆ లోపం పాదం దగ్గరే ఉంది. స్నర్ఫర్ మీద పాదాన్ని పట్టి ఉంచే కట్టు ఏదీ లేదు; పలక ముక్కుకు ఒక తాడు కట్టి, దాన్ని చేత్తో పట్టుకుని నిలబడవలసి ఉండేది. కట్టు లేని పాదం పలకను కిందికి నొక్కగలదే గాని పైకి లాగలేదు, కనుక మునివేళ్ల వైపు బరువు వేసినప్పుడు మడమ పలక నుంచి లేచిపోతుంది, పలకకు అందవలసిన మెలితిప్పు బలంలో సగానికి సగం అక్కడే జారిపోతుంది. పాదాన్ని పలకకు బిగించినప్పుడు మునివేళ్లు నొక్కుతుండగానే మడమ తన వైపు అంచును పైకి లాగుతుంది, ఈ రెండు బలాలు కలిసి పలకను దాని నిడివి గీత చుట్టూ తిప్పే భ్రామకంగా మారతాయి. 1979లో మిషిగన్‌లో జరిగిన స్నర్ఫర్ పోటీకి కార్పెంటర్ తన కట్టు ఉన్న పలకతో వచ్చినప్పుడు ఇతర పోటీదారులు అభ్యంతరం చెప్పారు, నిర్వాహకులు అతని కోసం ప్రత్యేక విభాగం ఏర్పాటు చేయవలసి వచ్చింది. వారి అభ్యంతరం న్యాయమైనదే, ఎందుకంటే తాడుతో నడిచే పలకా, పాదంతో నడిచే పలకా ఒకే ఆటకు చెందిన వస్తువులు కావు.

మడమ వైపు మరొక చిక్కు ఉంది. మనిషి చీలమండ ముందుకు వంగి, మునివేళ్ల మీద బరువును తేలికగా మోయగలదు, వెనక్కి వాలినప్పుడు మాత్రం శరీరాన్ని నిలబెట్టే కండరాల బలం చాలదు. 1980ల తొలి సంవత్సరాలలో జెఫ్ గ్రెల్ రూపొందించినట్టుగా చెప్పుకునే వెన్నుపలక ఈ చిక్కును విప్పింది: మడమ వెనుక నుంచి పిక్క దిగువ దాకా నిలువుగా లేచే ఆ గట్టి పలకకు కాలును ఆనిస్తే, కాలంతా ఒక మీటగా పనిచేసి మడమ వైపు అంచును దించుతుంది. ఈనాటి బైండింగులలో దాదాపు అన్నిటిలోనూ ఆ వెన్నుపలక ఉంది.

పాదం మాట అంచుకు అందిన తరువాత మంచు మీద ఏం జరుగుతుందన్నది భౌతికశాస్త్రంలో దీర్ఘకాలం చర్చకు గురైన ప్రశ్న. పలక ఒత్తిడికి మంచు కరిగి, ఆ నీటి పొర మీద పలక జారుతుందన్న వివరణ 19వ శతాబ్ది చివర నుంచి ప్రచారంలో ఉంది, ఇప్పటికీ కొన్ని పాఠ్యపుస్తకాల్లో కనిపిస్తుంది. చిన్న లెక్క వేసి చూస్తే అది ఎంత బలహీనమైన వివరణో తెలుస్తుంది. 70 కిలోల మనిషి బరువు దాదాపు 700 న్యూటన్లు, పలక అడుగుభాగం వైశాల్యం సుమారు 0.35 చదరపు మీటర్లు, కనుక మంచు మీద పడే పీడనం 2,000 పాస్కల్స్, అంటే వాతావరణ పీడనంలో యాభయ్యో వంతు మాత్రమే. మంచు కరిగే ఉష్ణోగ్రతను ఒక్క డిగ్రీ తగ్గించడానికి వాతావరణ పీడనానికి 130 రెట్లకు పైగా పీడనం కావాలి. 1939లో బౌడెన్, హ్యూస్ అనే శాస్త్రవేత్తలు స్విట్జర్లాండ్‌లోని యుంగ్‌ఫ్రౌయోఖ్ కనుమ ప్రాంతంలో చేసిన ప్రయోగాలను ఆధారం చేసుకుని, మంచును కరిగించేది ప్రధానంగా ఘర్షణ వల్ల పుట్టే వేడేనని చూపించారు. ఆ లెక్క కూడా వేయదగినదే: ఘర్షణ గుణకం 0.05 అనుకుంటే, సెకనుకు 10 మీటర్ల వేగంతో జారే పలక కింద సెకనుకు దాదాపు 350 జౌళ్ల వేడి పుడుతుంది, అదంతా మంచుకే అందితే సుమారు ఒక గ్రాము మంచు కరుగుతుంది, ఆ నీరు పలక దాటిన రెండున్నర చదరపు మీటర్ల మేర పరుచుకుంటే దాని మందం మిల్లీమీటరులో రెండున్నర వేలవ వంతు ఉంటుంది. వేడిలో కొంత పలకలోకీ, చుట్టుపక్కల మంచులోకీ పోతుంది కనుక నిజంగా ఏర్పడే పొర ఇంకా పలుచన. కంటికి కనిపించని ఆ తడి మీదే ఈ క్రీడ అంతా నడుస్తోంది.

ఈ కారణం చేతనే పలక అడుగుభాగం ఏ పదార్థంతో చేయాలన్నది చిన్న విషయం కాదు. మేలైన స్నోబోర్డులకు అడుగున అత్యధిక అణుభారం గల పాలిథిలీన్‌ను వాడతారు. సామాన్యమైన ప్లాస్టిక్ సంచుల పాలిథిలీన్‌కు ఇది బంధువే గాని, దీని అణువుల గొలుసులు లక్షల పరిమాణ అణుభారానికి చేరేంత పొడుగ్గా ఉంటాయి, అందువల్ల ఇది అరుగుదలకు బాగా తట్టుకుంటుంది, కృత్రిమ మోకాలి కీళ్లలోనూ దీన్నే అమర్చుతారు. ఇంత పొడుగు గొలుసులున్న పదార్థం వేడికి నీళ్లలా పారదు, కనుక దాన్ని పొడిగా తీసుకుని, వేడినీ ఒత్తిడినీ కలిపి ప్రయోగించి రేణువులను ఒకదానితో ఒకటి అంటుకునేలా చేస్తారు. ఈ పద్ధతిని సింటరింగ్ అంటారు. అలా తయారైన పొర కరిగించి పూసిన మైనాన్ని తనలోకి పీల్చుకుంటుంది, మైనం నీటిని వికర్షించి, తడి పొర పలకను పట్టి లాగకుండా చూస్తుంది. ఒకప్పుడు పోటీలలో ఫ్లోరిన్ కలిసిన మైనాలకు పెద్ద గిరాకీ ఉండేది. ఆ రసాయనాలు ప్రకృతిలో ఏళ్ల తరబడి విచ్ఛిన్నం కాకుండా నిలిచిపోతాయి కనుక, అంతర్జాతీయ స్కీ, స్నోబోర్డు సమాఖ్య 2023-24 పోటీల నుంచి వాటిని పూర్తిగా నిషేధించింది. అది ఆలస్యంగా వచ్చిన మంచి నిర్ణయం.

జారడం కంటే తిరగడంలోనే స్నోబోర్డు రేఖాగణితం బయటపడుతుంది. పలకను పై నుంచి చూస్తే రెండు కొసల దగ్గర వెడల్పుగా, నడుము దగ్గర సన్నగా ఉంటుంది. అంచు ఒక పెద్ద వృత్తంలోని చాపంలా లోపలికి వంగి ఉంటుంది, దీన్ని పక్కకోత అంటారు. మంచును తాకే అంచు నిడివి 1.2 మీటర్లు, వృత్తం వ్యాసార్ధం 8 మీటర్లు అయితే, నడుము దగ్గర లోతు రెండుంబావు సెంటీమీటర్లు మాత్రమే. పలకను ఒక పక్కకు వాల్చినప్పుడు ముందుగా రెండు కొసలూ మంచును తాకుతాయి, నడుము గాలిలో ఉంటుంది, శరీర భారానికి పలక వంగి నడుము కూడా మంచుకు చేరుతుంది, అప్పుడు అంచు మొత్తం మంచు మీద ఒక వంపు గీతగా మారి, పలక ఆ గీత వెంబడే పట్టాల మీద రైలులా పోతుంది. వాలు కోణం పెరిగిన కొద్దీ ఆ వంపు వ్యాసార్ధం పక్కకోత వ్యాసార్ధాన్ని కోణపు కొసైన్‌తో గుణించినంతగా చిన్నదవుతుంది: 60 డిగ్రీలకు వాల్చితే 8 మీటర్లు 4 మీటర్లవుతాయి. దీనికి వేగం కూడా సరిపడాలి. 45 డిగ్రీల వాలుతో దాదాపు 5.7 మీటర్ల వ్యాసార్ధంలో పడిపోకుండా తిరగాలంటే, మంచు నేల చదునుగా ఉందనుకుంటే, గంటకు సుమారు 27 కిలోమీటర్ల వేగం ఉండాలి. అంతకు తక్కువైతే మనిషి లోపలి వైపుకు ఒరిగిపోతాడు. అనుభవజ్ఞుల శరీరం ఈ లెక్కను క్షణంలో చేసేస్తుంది, పలక మాత్రం దానికి అడ్డు రాకుండా ఉండాలి.

అంచుకు ఉక్కు అవసరం రావడం వెనుక సాంకేతిక కారణం కంటే సామాజిక కారణమే ముందుంది. తొలినాళ్లలో స్కీ కేంద్రాలు స్నోబోర్డులను తమ వాలుల మీదికి రానివ్వలేదు, ప్రమాద బీమా గురించిన భయం అందుకు ఒక కారణం. 1983లో వెర్మాంట్‌లోని స్ట్రాటన్ కేంద్రం తలుపులు తెరిచిన తరువాత ఒక్కొక్క కేంద్రమే ఆ దారి పట్టింది. అప్పటిదాకా లోతైన మెత్తటి మంచులో తేలుతూ పోయిన పలకలకు ఉక్కుతో పని పడలేదు. స్కీ కేంద్రాలలో యంత్రాలు చదును చేసి గట్టిపరచిన మంచు మీద కర్ర అంచు నిలవదు. స్కీల తయారీలో అప్పటికే స్థిరపడిన ఉక్కు అంచునూ, పాలిథిలీన్ అడుగునూ, పొరల అతుకునూ స్నోబోర్డుకు తెచ్చుకోవడానికి కార్పెంటర్ ఆస్ట్రియా వైపు చూశాడు, 1985 నాటికి ఇన్స్‌బ్రుక్‌లో సంస్థకు ఐరోపా కార్యాలయం ఏర్పడింది. స్కీ ప్రపంచం వద్దన్న ఆటకు అదే ప్రపంచపు పనితనం పునాది వేసిందన్న సంగతి గుర్తుంచుకోదగ్గది.

ఒక పలకను అడ్డంగా కోసి చూస్తే ఆ పనితనం కనిపిస్తుంది. అడుగున పాలిథిలీన్, దాని అంచుల వెంట ఉక్కు కమ్మీ, పైన గాజునారు పొర, నడుమ కర్ర గుండె, మళ్లీ గాజునారు, అన్నిటికీ పైన రంగుల పొర. వీటన్నిటినీ ఎపాక్సీ అనే జిగురుతో తడిపి, అచ్చులో పెట్టి, వేడి చేస్తూ నొక్కుతారు. పాలిథిలీన్‌కు ఏ జిగురూ సులువుగా అంటుకోదు, కనుక దాని వెనుక వైపును ముందుగా మంటతోనో విద్యుత్ ఉత్సర్గంతోనో శుద్ధి చేస్తారు. అంతకంటే పెద్ద చిక్కు వేడికి సాగడంలో ఉంది: ఒకే ఉష్ణోగ్రతా భేదానికి పాలిథిలీన్ ఉక్కు కంటే పది రెట్లకు పైగా సాగుతుంది, కుంచించుకుంటుంది. అచ్చులోంచి వేడిగా వచ్చిన పలక చల్లారి, ఆపై గడ్డకట్టే చలిలోకి వెళ్లినప్పుడు ఈ పొరలు ఒకదాన్నొకటి గుంజుకుంటాయి. అందుకే ఉక్కు కమ్మీకీ గాజునారుకూ మధ్య పలుచని రబ్బరు పట్టీని ఉంచుతారు. అది ఆ గుంజుడును తనలో అణచుకుంటుంది, రాయి తగిలినప్పుడు అదురును కూడా కొంత మింగుతుంది. కొనేవారి కంటికి ఎప్పుడూ కనబడని ఆ పట్టీ లేకపోతే అంచు త్వరగా ఊడిపోయే ప్రమాదం ఉంది.

నురుగు ప్లాస్టిక్కులూ, తేనెపట్టు అల్లికలూ వచ్చిన తరువాత కూడా గుండెకు కర్రనే వాడుతున్నారంటే దానికి బలమైన కారణముంది. బరువుకు తగిన బిగువు, వంగి తిరిగి లేచే గుణం, అదురును అణచే శక్తి మూడూ కలిసి ఉన్న పదార్థం అంత చవకగా మరొకటి దొరకడం కష్టం. పోప్లార్, బీచ్, తేలికైన పౌలోనియా వంటి కర్రల సన్నని బద్దలను నిలువుగా పక్కపక్కన అతికించి గుండె చేస్తారు. ఒకే పదార్థంతో చేసిన పలక బిగువు దాని మందం ఘనాన్ని బట్టి పెరుగుతుంది, అంటే మందం పదో వంతు పెంచితే బిగువు మూడో వంతు పెరుగుతుంది. గాజునారుతో కలిసిన పొరల పలకలో ఈ నిష్పత్తి కొంత మారినా, ఎక్కడ మందం ఉంచాలి, ఎక్కడ చివ్వాలి అన్న నిర్ణయమే పలక స్వభావాన్ని తేలుస్తుంది. బర్టన్ సంస్థ పాదాల కింద ఒక తీరుగా, పాదాల వెలుపల మరొక తీరుగా మందాన్ని మార్చే గుండెలను రూపొందించింది. అంతేగాక, మునివేళ్ల అంచు వెంటా మడమ అంచు వెంటా కర్ర నారపోగులను మిగతా గుండెకు అడ్డంగా తిప్పి అమర్చే పద్ధతిని కూడా ప్రవేశపెట్టింది. పోగుల దిశలో కర్ర గట్టిది, అడ్డంగా మెత్తనిది. పాదం ఒత్తిడి పలక వెడల్పు దిశలో అంచుకు పోతుంది కనుక, పోగులను కూడా ఆ దిశకే తిప్పితే ఒత్తిడి దారిలో కరిగిపోకుండా ఉక్కును చేరుతుంది. పాదం నుంచి అంచు దాకా అన్న ఆలోచన ఇంత స్పష్టంగా కనిపించే చోటు మరొకటి లేదనవచ్చు.

పలకను నేల మీద పెట్టి పక్క నుంచి చూసినప్పుడు కనిపించే వంపు మరొక అంశం. నడుము కొద్దిగా లేచి, కొసలకు దగ్గరగా రెండు చోట్ల నేలను తాకే ఆకారం సంప్రదాయమైనది. మనిషి ఎక్కినప్పుడు ఆ వంపు చదునై, బరువును అంచు పొడవునా పంచుతుంది, గట్టి మంచులో పట్టు పెరుగుతుంది. దీనికి తిరుగుడైన ఆకారంలో నడుము నేలను తాకి కొసలు లేచి ఉంటాయి. అది మెత్తటి మంచులో తేలుతుంది, కొత్తవారిని క్షమిస్తుంది, గట్టి మంచులో మాత్రం పట్టు తగ్గుతుంది. ఇరవై ఏళ్లుగా బర్టన్ సహా తయారీదారులు ఈ రెండింటినీ కలిపిన ఆకారాలెన్నో చేశారు, గట్టిగా తిరిగేవారు మళ్లీ పాత వంపు వైపే మొగ్గడం చూస్తే అంచు పట్టుకు ప్రత్యామ్నాయం లేదని తెలుస్తుంది.

బైండింగును పలకకు బిగించే తీరులోనూ ఒక పాత నష్టం దాగి ఉంది. మామూలు పద్ధతిలో పాదం కింద ఒక గుండ్రని బిళ్లను మరలతో పలకకు బిగిస్తారు. ఆ బిళ్ల ఉన్న మేర పలక వంగదు, పాదానికీ కర్రకూ మధ్య గట్టి పలకొకటి వచ్చి చేరుతుంది. బర్టన్ సంస్థ 2000ల చివర నుంచి పలక నడుమ నిడివిగా ఒక గాడిని అమర్చి, బైండింగు మరలను పాదం లోపలి పక్కకూ బయటి పక్కకూ తరలించింది. దాంతో పాదం కింద మెత్త తప్ప మరేమీ మిగలలేదు, పలక తన సహజమైన వంపులో వంగగలిగింది, పాదాల మధ్య దూరాన్నీ కోణాన్నీ నియమిత రంధ్రాలతో పని లేకుండా కోరిన చోట నిలుపుకునే వీలూ కలిగింది. ఇతర సంస్థలు చాలా వరకు నాలుగు రంధ్రాల పద్ధతినే కొనసాగించడం వల్ల పరికరాల పొత్తు కొంత కష్టమైంది. కొనేవారికి అది ఇబ్బందే, అయినా యాంత్రికశాస్త్ర దృష్టితో చూస్తే గాడి పద్ధతి మెరుగైనదని చెప్పక తప్పదు.

బూటును పట్టీలతో కట్టుకోవడం చలిలో, చేతితొడుగులతో, మంచులో కూర్చుని చేయవలసిన పని. 1990లలో పట్టీలు లేని బైండింగులు చాలా వచ్చాయి. వాటిలో ఎక్కువ భాగానికి కొక్కెం బూటు అట్ట కింద ఉండేది, దాన్ని మోయడానికి అట్ట గట్టిగా ఉండవలసి వచ్చేది, మెత్తటి బూటు ఇచ్చే స్పర్శ పోయేది, పైగా అట్ట కింద మంచు చేరితే కొక్కెం పడేది కాదు. ఆ తరం బైండింగులు నిలవలేదు. 2017లో బర్టన్ మార్కెట్లోకి తెచ్చిన స్టెప్ ఆన్ పద్ధతి ఆ పాఠం నేర్చుకున్నది: పట్టు బిందువులు మూడే, రెండు మునివేళ్ల దగ్గర బూటుకు ఇరుపక్కలా, ఒకటి మడమ వెనుక. అట్ట కింద ఏమీ లేదు కనుక అది మెత్తగానే ఉండగలదు, మడమను దించగానే వెన్నుపలకలోని కొక్కెం మెట్టుమెట్టుగా బిగుసుకుంటుంది. ఎత్తే బలం మునివేళ్ల దగ్గరా మడమ దగ్గరా, అంటే అంచులకు అతి దగ్గరగా పలకకు అందుతుంది, 1979 నాటి పోటీలో కనిపించిన కట్టు చేయవలసిన పని కూడా అదే.

ఇవన్నీ ప్రయోగశాల లెక్కలతోనే తేలలేదు. 1980ల చివర్లో బర్టన్‌తో చేరిన క్రెయిగ్ కెలీ అనే గొప్ప క్రీడాకారుడు నమూనాలను వాలు మీద పరీక్షించి, మార్పులు చెప్పి, రూపకల్పనలో భాగస్వామి అయ్యాడు. 2003 జనవరిలో కెనడాలో మంచుచరియ కింద అతడు మరణించిన తరువాత, వెర్మాంట్ రాష్ట్రంలో బర్లింగ్టన్‌లోని నమూనాల కర్మాగారానికి సంస్థ అతని పేరే పెట్టింది. 1998లో నగానో ఒలింపిక్స్‌లో స్నోబోర్డింగ్‌కు చోటు దక్కడం వెనుక, ఆపై ఎత్తైన మంచు గోడల మధ్య గాలిలోకి లేచే విన్యాసాలు సాధ్యం కావడం వెనుక, ఇలాంటి క్రీడాకారుల పాదాలకు తెలిసిన జ్ఞానం ఎంతో ఉంది. 2010లో సంస్థ వెర్మాంట్‌లోని తయారీ కేంద్రాన్ని మూసి, పెద్ద ఎత్తు ఉత్పత్తిని బయటికి తరలించినా, నమూనాల పనిని మాత్రం తన దగ్గరే ఉంచుకుంది. కార్పెంటర్ 2019 నవంబరులో మరణించాడు.

పొరలను విడదీయరానంత గట్టిగా పట్టి ఉంచే ఎపాక్సీయే ఈ పలకల బలం, ఈనాటి పెద్ద సమస్య కూడా అదే. ఒకసారి గట్టిపడిన ఎపాక్సీ వేడికి తిరిగి కరగదు, కనుక విరిగిన పలకలోంచి ఉక్కునూ, కర్రనూ, పాలిథిలీన్‌నూ వేరుచేసి మళ్లీ వాడుకోవడం చాలా కష్టం. మొక్కల నుంచి వచ్చిన పదార్థాలు కొంత భాగంగా ఉన్న ఎపాక్సీని బర్టన్ తన పలకల్లో వాడుతోంది, దాని వల్ల పెట్రోలియం మీద ఆధారం తగ్గుతుంది గాని, అతుకు విడిపోయే గుణం రాదు. చలిలో, అదురులో, మెలిపెట్టే బలాల కింద ఏళ్ల తరబడి వీడకుండా ఉండి, పలక జీవితం ముగిశాక మాత్రం కోరినప్పుడు వీడిపోయే జిగురును పలకల తయారీలోకి తేవడం ఇప్పుడు ఈ పరిశ్రమ రసాయన శాస్త్రజ్ఞుల ముందున్న పని.